బావంటె బావనే అన్నవ్ గదా

అన్నకు,

నీ చెల్లె స్రవంతి దండం వెట్టి రాస్తున్నది. నువ్వు, వదినె, అమ్మ అందరు మంచిగున్నరని అనుకుంటున్న. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? గోలీలు టైముకు ఏసుకుంటున్నదా, లేకుంటె మల్ల డబ్బల దాచిపెట్టి అయిపోయినయ్ అంటున్నదా? నేను బాగనే ఉన్న, నా ఫికర్ చెయ్యకుండ్రి. ఉత్తరమంటె గిట్లనే మొదలువెట్టాలె గావట్టి రాసిన. అసలైతె నేను బాగలేను. కోపంతోని కలం ఒత్తి రాస్తున్న, అక్షరాలు చూస్తె నీకే ఎర్కయితది.

ఫోన్ చెయ్యక ఉత్తరమెందుకు అంటవేమో. ఫోన్ల నేను గట్టిగ ఒక్క మాట అంటె చాలు, నీకు ఎంబడే సిగ్నల్ పోతది. ఆర్మూర్ నడిబొడ్డున పసుపు కొని అమ్మే అడ్తి దుకాణంల కూసున్నోనికి సిగ్నల్ ఎందుకు పోతదో నాకైతె సమజైతలేదు. ఉత్తరాన్ని కట్ చెయ్యరాదు గదా. ఇంటికి పంపితె అమ్మ నీతోని చదివిపిచ్చుకుంటదని దుకాణం అడ్రసుకే పంపుతున్న. రైతులు లేనప్పుడు కూసొని చదువు. అమ్మకు మాత్రం సూపెట్టకు. ఎందుకనేది చదువుకుంట పోతె తెలుస్తది.

గంగాధర్ వీసా రిజెక్ట్ అయిన సంగతి అమ్మ నీకు చెప్పిందట. నువ్వు "అట్లనా" అన్నవట. అట్లనా! చెల్లె మొగుని వీసా పోతె అనే మాటనా అన్నా అది? పసుపు రేటు జర తగ్గితె నువ్వు రెండు దినాలు అన్నం సక్కగ తినవు. నా సంసారానికి "అట్లనా".

ఏమని రిజెక్ట్ చేసిండ్రో నీకు ఎవ్వరు చెప్పలేదేమో, ఇను. గీ ఐర్లాండ్ల వీసా ఇచ్చేటోళ్లు మొగుడు పెండ్లాలు నిజంగ మొగుడు పెండ్లాలేనా అని చూస్తరు. పెండ్లి సర్టిఫికెట్ ఒక్కటి సరిపోదు. దొంగ పెండ్లిళ్లు చేసుకుని వచ్చేటోళ్లు ఉంటరట, గందుకని ఇద్దరు ఏం మాట్లాడుకుంటున్నరో గా ఫోన్ మెసేజులు గూడ ప్రింట్ తీసి, ఇంగ్లీషుల రాయించి పెట్టాలె. మనం పెట్టినం. వాళ్లు చదివిండ్రు. చదివి ఏం రాసిండ్రంటె, గీ ఆడామె గీ మనిషిని మొదటి నుంచి ఆఖరి దాక బ్రదర్ ఇన్ లా అనే పిలిచింది, గీయన గామెను సిస్టర్ ఇన్ లా అన్నడు, మాటలు గూడ దూరపు చుట్టాల మాటల లెక్క ఉన్నయి, మొగుడు పెండ్లాల సంసారం ఏడ కనవడ్తలేదు, కాబట్టి మేము నమ్ముతలేము అని. పైకెల్లి పెండ్లి ఫోటోలల్ల పిల్ల తరఫు వాళ్లు సక్కగ కనిపిస్తలేరు అని ఇంకో లైను. అది నిజమే. మూడు ముళ్లు ఏస్తుంటె నువ్వు బయట ఫోన్ మాట్లాడుకుంట నిలబడ్డవ్. ఒక్క ఫోటోల ఉన్నవ్, గదాంట్ల గూడ నీ చెయ్యి చెవి కాడనే ఉన్నది.

గా కాయితం నాకు డ్యూటీల ఉండంగ వచ్చింది. నేను చదివి సమజ్ కాక, నాతోని ఒకటే ఇంట్ల ఉండే కేరళ పిల్ల షైనీకి ఇచ్చిన. గామె చదివి, నా మొఖం దిక్కు చూసి, "నీకు అక్క ఉన్నదా?" అన్నది. లేదన్న. "మరి బ్రదర్ ఇన్ లా ఎవరు? మీ అక్క మొగుణ్ణి పెండ్లి చేసుకున్నవా?" అన్నది. ఓ అవ్వల్లారా! నాకు ముందుగాల నవ్వొచ్చింది. నవ్వుకుంట నవ్వుకుంట ఏడుపొచ్చింది. షైనీ పరేషానై నాకు నీళ్లు ఇచ్చి కూసోబెట్టింది. లేని అక్కకు మొగుణ్ణి తెచ్చి, గాయన్ని నాకు అంటగట్టిండ్రు గదనే అని నేను ఇంగ్లీషుల చెప్పలేక చేతులు ఊపుకుంట చెప్పిన.

బావా అని నేను ఎందుకు పిలుస్త నీకు తెల్వదు, చెప్త. పెండ్లి కాకముందు నేను గంగాధర్‌ను పేరు పెట్టే పిలిచేదాన్ని. పెండ్లయినంక మన ఇంట్ల ఎవ్వరు ఆయనకు వరస పెట్టలేదు. కులం కాదని, మెండోరల చేపలు పట్టెటోళ్ల పిల్లగాడని నువ్వు ఆయనను "మెండోరాయన" అన్నవ్. మెండోరాయన వచ్చిండా, మెండోరాయన తిన్నడా. ఇంటికొచ్చిన కరెంటు బిల్లాయన లెక్క. నిన్ను చూసి వదినె గూడ గట్లనే అన్నది. అమ్మ ఏమో ఏమనకుండ "ఇగో, ఇగో" అంటది. నాకు ఒళ్లు మండి, మీరెవ్వరు పిలువకుంటె నేనే పిలుస్త తీయి అని, గా దినం మీ అందరి ముంగట "బావా, అన్నం తిందువు రా" అని గట్టిగ పిలిచిన. గప్పటి నుంచి బావనే. ఆయన గూడ నన్ను "ఏం మరదలా" అని ఆటలకు అంటడు. ఆర్మూర్ మండలంల ఏ చిన్న పోరన్ని అడిగినా, పెండ్లాం బావా అంటె మొగుడే అని చెప్తడు. నువ్వు చెప్పలేకపోయినవ్.

అవును, నాకు తెలిసింది. గంగాధర్ చెప్పడు, ఆయన నోట్లె ఎప్పుడు బెల్లంగడ్డ ఉంటది. నేను నాలుగు మాట్లు ఒట్టు పెట్టించి అడిగితె అప్పుడు చెప్పిండు. కాయితాల పని నేను నీకే అప్పజెప్పిన, గంగాధర్ తన ఫోన్లకెల్లి మెసేజులు ప్రింట్ తీసి నీ చేతికే ఇచ్చిండు. నిజామాబాద్‌ల గా ఇంగ్లీషుల రాసే సార్ కాడికి మీరిద్దరు కలిసే పోయిండ్రు గదా. గా సార్ రాసుకుంట రాసుకుంట ఆగి, "బావ అంటె ఏం రాయాలె? గీయన గామెకు ఏమైతడు?" అని అడిగిండట. నిన్నే అడిగిండట, పెద్దమనిషివని. గంగాధర్ పక్కన్నే నిలబడ్డడు. నువ్వు ఏమన్నవ్? "బావంటె బావనే, రాయి" అన్నవట. గంతే. గా సార్ పుస్తకంల చూసి బ్రదర్ ఇన్ లా అని రాసిండు. గాయన తప్పేమున్నది?

"మొగుడు" అంటె ఏం పోయేదన్నా? "మా చెల్లె మొగుడు." మూడు ముక్కలు. గా మూడు ముక్కలు నీ నోట్లకెల్లి రాలే. పెండ్లయి గిన్నేండ్లయినా గా మాట నీ గొంతుల్నే తట్టుకున్నది. గంగాధర్ మీద గూడ నాకు కోపమే, నువ్వన్న చెప్పొద్దా బావా, నీకు నోరు లేదా అని తిట్టిన. "పెద్దాయన చెప్తుంటె మధ్యల ఏం మాట్లాడుత" అన్నడు. నీకు ఇజ్జత్ ఇచ్చిండు. చూడు, నువ్వు ఆయనకు ఇయ్యని ఇజ్జత్ ఆయన నీకు ఇచ్చిండు, గందుకే వీసా పోయింది.

ఇగ గీడి సంగతులు రాస్త, లేకుంటె నేను ఉత్త తిట్లే రాసిన అంటవ్. పని మస్తున్నది. గీ ముసలోళ్ల హోముల పొద్దుగాల పోతె పొద్దుగూకినంకనే వచ్చుడు. లేపుడు, స్నానం చేపిచ్చుడు, గోలీలు, కట్లు. నడుము నొస్తది గని పని నాకు ఇష్టమే. వాన ఎప్పుడు పడ్తదో తెల్వదు, పైకెల్లి పడదు, పక్కకెల్లి కొడ్తది. గొడుగు పట్టుకుంటె గొడుగే నన్ను గుంజుకపోతది. తిండికి తక్కువ లేదు, ఆలుగడ్డ పొద్దుగాల, ఆలుగడ్డ మాపటికి. దుకాణంల పసుపు చిన్న గాజుసీసల అమ్ముతరు. కొని మూత తీస్తె వాసనే లేదు. ఆర్మూర్ పిల్లనైన నేను గా పసుపు ఏసుకుని పప్పు వండుకుంటున్న, గదే నాకు పెద్ద అవమానం. వదినెను అడిగి ఇంట్ల ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములు జర దంచి పంపమను. కోపం నీ మీద గని వదినె మీద గాదు.

నా కాడ నోరా అని ఒక అవ్వ ఉంటది. ఎవుసం చేసినామె, చేతులు మన అమ్మ చేతుల లెక్కనే ఉంటయి. రోజు నన్ను "మీ ఆయన ఎప్పుడొస్తడు?" అని అడుగుతది. గామె మతి మరుస్తది, గందుకే రోజు అడుగుతది. నేను రోజు "వస్తడు అవ్వా, వచ్చే నెల" అంట. రిజెక్ట్ అయిన తెల్లారి గూడ అడిగింది. వచ్చే నెల అనే అన్న. ఏమనాలె మరి? గామె నవ్వి, "నా ముసలోడు ఇంగ్లండ్‌ల పనికి పోయి ఏడాదికొక్కసారి వచ్చెటోడు, వచ్చిన మొదటి దినం మా ఇంట్ల కుక్క గూడ మొరిగేది" అన్నది. నేను బాత్‌రూములకు పోయి మొఖం కడుక్కొని వచ్చిన.

షైనీ వచ్చే నెల వేరే ఊరికి పోతున్నది. గీ ఇల్లు మొత్తం నేనే తీసుకున్న, ఇద్దరం ఉంటమని. గీడ ఇల్లు దొరుకుడు అంటె మామూలు కష్టం గాదు. ఆయన కోసం మందం కోటు గూడ కొని తలుపు ఎనుక తగిలేసిన, చలికి ఆగడని. ఆడ ఆయనేమో వీసా వస్తదని మోటార్లు వైండింగ్ చేసే దుకాణం వాళ్ల చిన్నాయన కొడుక్కి అప్పజెప్పిండు. గిప్పుడు గా దుకాణంలనే పోయి పక్కకు కూసుంటున్నడట. బోరు మోటారు కాలిపోయి తెచ్చిన రైతులు "ఏం గంగన్నా, ఇంకా పోలేదా? ఫారిన్ పిల్ల తోలుకపోతలేదా?" అని నవ్వుతున్నరట. ఆయన నాకు చెప్పలే, వాళ్ల అమ్మ చెప్పింది. గా మాటలు పడేది నువ్వా, నేనా? ఆయన.

ఇగ గిప్పుడు అసలు సంగతి. గీ ఉత్తరం దాని కోసమే.

పోయిన ఐతారం అమ్మతోని మాట్లాడిన. వీసా పోయిందని నేను ఏడుస్తుంటె అమ్మ నన్ను సముదాయిస్తున్న అనుకుని ఏమన్నదో తెల్సా? "ఫికర్ చెయ్యకు బిడ్డా, అన్న మస్తు కష్టపడ్డడు. మీ ఇద్దరి మాటల కాయితాలు ముంగటేసుకుని కూసొని అన్ని చదివి, మంచిగున్నయి ఒక దిక్కు, మంచిగ లేనియి ఒక దిక్కు ఏరి పెట్టిండు. బయటోళ్లకు ఇయ్యరానియి బీర్వల పెట్టి తాళం ఏసిండు. మన ఇజ్జత్ పోకుండ చూసుకున్నడు" అన్నది. మురుసుకుంట చెప్పింది. నేను డ్యూటీ ఉన్నదని చెప్పి ఫోన్ పెట్టేసిన.

ఏరినవా అన్నా? పసుపు ఏరినట్టు ఏరినవా? కొమ్ము ఒక దిక్కు, గుండ్రటి గోల దుంప ఒక దిక్కు, పుచ్చినయి ఇంకో దిక్కు. మార్కెట్ల నీ చెయ్యి పడ్డ పసుపుకు ఎవ్వరు ఎదురు చెప్పరు, ఒక్క కొమ్ము ఇరిసి లోపటి రంగు చూసి రేటు చెప్తవని అందరు అంటరు. గదే చెయ్యి నా మాటల మీద పెట్టినవ్. నేను అప్పుడే వీసా వాళ్లకిచ్చిన కాయితాలు మల్ల తీసి, నా ఫోన్ల ఉన్న మెసేజులు పక్కకు పెట్టుకుని చూసిన. నువ్వు ఏం ఉంచినవో చూసిన. "తిన్నవా?" "తిన్న." "వాన పడ్తున్నదా?" "పడ్తున్నది." "అత్త మంచిగున్నదా?" "మంచిగున్నది." గివి ఉంచినవ్. గివి చదివి ఎవడు నమ్ముతడు? కరెంటు ఆఫీసుల ఇద్దరు క్లార్కులు గూడ గింతకంటె మంచిగ మాట్లాడుకుంటరు.

మేము కొట్లాడుకున్నయి తీసేసినవ్. ఆయన నన్ను పిచ్చిదానా అన్నది తీసేసినవ్, నేను ఆయనను ఇంక ఫోన్ చెయ్యకు అని, అరగంటకు మల్ల ఎందుకు చెయ్యలేదని తిట్టింది తీసేసినవ్. గదే కదా అన్నా సంసారం! ముద్దు మాటలు తీసేసినవ్, సరే, నాకు అన్నవైతివి, నీకు సిగ్గనిపించిందేమో, నాకు గూడ సిగ్గే. నువ్వు చదివినవ్ అంటెనే నాకు తల భూమిల పెట్టుకోవాలెననిపిస్తున్నది. నీ గురించి మేము మాట్లాడుకున్నయి గూడ తీసినవ్. "మీ అన్న నాతోని ఇంక మాట్లాడ్తలేడు" అని ఆయన రాసింది, "మాట్లాడ్తడు బావా, మా అన్న మనసు మంచిదే, జర టైం పడ్తది" అని నేను రాసింది. గదాన్ని గూడ పుచ్చిందాంట్లనే ఏసినవ్.

గివన్ని అయితె నేను మాఫ్ చేద్దును. గని పోయిన సాల్ మృగశిర అయినంక నెల, గా నెల మొత్తం లేదు. ఒక్క కాయితం లేదు. గదాంట్ల ఏమున్నదో నాకు తెల్సు, గంగాధర్‌కు తెల్సు, గిప్పుడు నీకు తెల్సు.

నేను ఎండకాలం లీవుకు వచ్చి పోయినంక నాకు నెల తప్పింది. అమ్మకు చెప్పలే, మూడో నెల పడ్డంక చెప్దామనుకున్న. చెప్పుడు గాలే. డ్యూటీల ఉండంగనే అయిపోయింది. నోరా అవ్వకు తలకాయ దువ్వుతున్న, గప్పుడే. షైనీ నన్ను కారుల ఏసుకొని దవాఖానకు తీసుకపోయింది. గాడ కూసొని నేను ఆయనకు మెసేజ్ పెట్టిన. "బావా, నెత్తురు ఆగుతలేదు." ఆయన పెట్టిండు, "నేనొస్త, ఎట్లన్న వస్త." నేను పెట్టిన, "ఎట్లొస్తవ్ బావా, వీసా లేదు గదా."

గది తీసి బీర్వల పెట్టి తాళం ఏసినవ్.

గీళ్లు నా మొఖం మీద రాసిండ్రు అన్నా, మీ మధ్యల సంసారం కనవడ్తలేదని. నేను గా కాయితం పట్టుకుని ఇంకేం చూపెట్టాలె అని నన్ను నేనే తిట్టుకున్న. చూపెట్టేది ఉన్నది. నీ బీర్వల ఉన్నది.

ఇంకొకటి. నువ్వు చదివినవ్ గదా. చదివి గూడ నాకు ఒక్క ఫోన్ చెయ్యలే. "ఏమైంది చెల్లె, ఎట్లున్నవ్?" అని ఒక్క మాట అడగలే. నువ్వు గా కాయితాలు ఏరిన మరుసటి దినం నాకు ఫోన్ చేసినవ్, యాదికున్నదా? నువ్వే చేసినవ్ అని నేను మస్తు సంబురపడ్డ, మా అన్న నాకు కాయితాల పని చేస్తున్నడు, మనసు మారింది అని షైనీకి చెప్పుకున్న. గా ఫోన్ల నువ్వు ఏం మాట్లాడినవ్? అంకాపూర్ల కొత్త మక్క ఇత్తనం వచ్చిందని చెప్పినవ్. మన చేన్ల ఏస్తె ఎట్లుంటదని నన్ను అడిగినవ్. నన్ను! నర్సును! నేను "ఏయ్ అన్నా, మన చేన్ల ఏయ్" అన్న. అన్ని తెల్సి పెట్టుకుని మక్క ఇత్తనం గురించి మాట్లాడిన మనిషివి నువ్వు.

వదినె ఫోన్ చేసింది మొన్న. గామెకు సంగతి తెల్వదు గని, "గా కాయితాలు చదివిన దినం మీ అన్న అన్నం తినలే, పసుపు కల్లం కాడికి పోయి ఒక్కడే కూసున్నడు, ఎందుకో తెల్వదు" అన్నది. ఇన్న. నీకు గూడ కడుపుల దుక్కం ఉన్నదని నాకు తెల్వదా? చిన్నప్పుడు నాకు జరమొస్తె నన్ను సైకిల్ మీద కూసోబెట్టుకొని దవాఖానకు తోలుకపోయింది నువ్వే. బాపు పోయినంక నన్ను నర్సింగ్ చదివిపిచ్చింది నువ్వే, కాదంటలేను. గని నువ్వు అన్నం తినకుంటె నాకేమొచ్చింది అన్నా? గీడ నాకు ఎట్ల తెలుస్తది? నేను సముద్రాల అవుతల ఉన్న. నువ్వు కల్లం కాడ కూసున్నది నాకు కనవడదు. ఇజ్జత్ కోసం దాచినవో, అమ్మ కంట్ల పడొద్దని దాచినవో, నీకే చదవ బుద్ధి కాక దాచినవో నాకు తెల్వదు. ఏదైనా నా సంసారాన్నే తాళం ఏసినవ్.

గిప్పుడు ఏం చేసిన్నో ఇను. అప్పీలు ఏసిన. అప్పీలు ఒక్కసారే ఉంటది, రెండోసారి ఉండదు. గీసారి నీ చెయ్యి పడనియ్యలే. నా ఫోన్లకెల్లి అన్ని నేనే తీసి, డబ్లిన్ల తెలుగు వచ్చినామెతోని ఇంగ్లీషుల రాయించిన. కొట్లాటలు పెట్టిన, ముద్దులు పెట్టిన, గా నెల మొత్తం పెట్టిన. గామె రాసుకుంట కండ్లు తుడుసుకున్నది. బావ అంటె ఏందో గామె ఒక పేజీ వేరేగ రాసింది, తెలంగాణల పెండ్లాం మొగుణ్ణి గిట్ల పిలుస్తది, గీది చుట్టరికం గాదు, గీది ప్రేమ అని. దవాఖాన కాయితాలు గూడ పెట్టిన. ఎవడో తెల్వని ఆఫీసరు కూసొని నా కడుపు సంగతి చదువుతడు. చదవనీ. ఇజ్జత్ పోతె పోనీ. నాకు మొగుడు కావాలె.

గీ అప్పీలు గూడ పోతె నేను గీడ ఉండ. చెప్తున్న, బెదిరిస్తలేను. నౌకరి ఇడిసి వస్త. గని ఆర్మూరుకు రాను, సీదా మెండోరకు పోత, ఆయన దుకాణంల కూసొని కాపరు తీగ చుట్టుకుంట ఉంట. నువ్వు ఆడికొచ్చి పిలిచినా రాను. గిన్నేండ్లు చదివి, గింత దూరమొచ్చి, నా చదువు నా నౌకరి అన్ని ఇడిసినట్టైతది, నువ్వు కష్టపడి చదివిపిచ్చింది గూడ బేకారైతది. ఆలోచించుకో.

బీర్వల ఉన్న కాయితాలు తీసి, నువ్వే మెండోరకు పోయి ఆయన చేతిల పెట్టు. అమ్మ కంట్ల పడనియ్యకు. గామెకు నేనే చెప్త, నేను వచ్చినప్పుడు ఒళ్లె తలకాయ పెట్టుకుని చెప్త. ఫోన్ల చెప్పే ముచ్చట గాదది.

అమ్మను మోకాళ్లకు గోరువెచ్చటి నూనె పెట్టుకోమను. వదినెకు నేను అడిగిన పసుపు యాది చెయ్యి. చిన్నాయినోళ్లను, పక్కింటి పెద్దమ్మను అడిగినట్టు చెప్పు. నేను టైముకు తింటున్న, మంచిగ పంటున్న, నా ఫికర్ చెయ్యకుండ్రి అని అమ్మకు చెప్పు. గిది నిజమే అని చెప్పు.

ఉత్తరం ఆఖరుకు పెద్దోళ్ల దీవెనలు అడగాలె. నీ దీవెన నాకు ఎప్పుడు ఉన్నదని తెల్సు, గది అడుగుతలేను. ఒక పని అడుగుతున్న. షైనీ చుట్టాలకు గిట్లనే అప్పీల్ ఏసినప్పుడు వీసా వాళ్లు ఇంటికి ఫోన్ చేసిండ్రట, పిల్ల తరఫు పెద్దోళ్లతోని మాట్లాడిండ్రట. పిల్ల తరఫు పెద్ద ఎవరు అని కాయితంల అడిగితె నీ నంబరే ఇచ్చిన. ఎవరిది ఇయ్యాలె మరి? బాపు లేడాయె. ఎవరో కొత్తోళ్లు ఫోన్ చేస్తరు, తెలుగుల మాట్లాడొచ్చు, ఇంగ్లీషుల మాట్లాడొచ్చు. రైతులు ఉన్నా, తూకం నడుస్తున్నా, ఫోన్ ఎత్తు. గంగాధర్ మీ చెల్లె మొగుడేనా అని అడుగుతరు. ఎక్కువ తక్కువ ఏం చెప్పకు. అవును అను. నోరు తెరిచి అను. తలకాయ ఊపితె ఫోన్ల కనవడది అన్నా.

నీ మీద కోపమున్నా నీ చెల్లెనే,
స్రవంతి